మా ఊరి గుట్ట మీది గుంటలు ఎవరివి? రామగిరి, కోలారు వైపు బంగారు తవ్వకాల పాత కథ

పలుగురాయి
అందరికీ నమస్కారం. మాది రామగిరి పక్కన చిన్న పల్లె. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు గానీ మా అమ్మకు ఇంకా అనంతపురమే.

చిన్నప్పుడు గుట్ట మీదికి మేకల్ని తోలుకుపోతే ఒక బండ మీద గుంటలు కనబడేవి. రోలు గుంటలాగే ఉంటాయి, కానీ రోలు కంటే చిన్నవి. ఒకే బండ మీద ఐదారు. వాన పడితే వాటిలో నీళ్లు నిలిచేవి, మేకలు తాగేవి. ఎండాకాలం మేం గోళీలు ఆడేవాళ్లం. కాస్త పైకి పోతే ముళ్లకంప అడ్డం వేసిన పెద్ద గొయ్యి. "అటు పోవద్దురా, అది దొరల కాలం గొయ్యి" అనేది మా అవ్వ. ఇంకా పైన, గుట్ట వారగా పొడుగ్గా కాలవలాంటి పల్లం ఉంది, దాన్నిండా తుమ్మచెట్లు. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

మొన్న ఎక్కడో "1802లో వారెన్ అనే ఇంగ్లీషు అధికారి కోలారులో బంగారం కనుక్కున్నాడు" అని చదివాను. నా అనుమానం ఇదీ: అంతకుముందు ఎవరికీ తెలియదా? మరి మా గుంటలు ఎవరు చేసినట్టు? దొరలా, ఇంకా ముందువాళ్లా? తెలిసినవాళ్లు చెప్పండి. మీ పల్లెల్లో విన్న కబుర్లున్నా రాయండి.

రాతిపొర
మంచి ప్రశ్న. నేను భూగర్భశాస్త్రం చెప్పే మాస్టారిని. ఆ బండను చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు చెప్పిన మూడింటినీ కలిపి చూస్తే కథ ఒక దారికి వస్తోంది.

రామగిరి దగ్గర నల్లరాతి పట్టీ ఒకటుంది. కోలారులో ఉన్నది కూడా ఇదే జాతి పట్టీ. అందులో పలుగురాయి (తెల్లటి గట్టి రాయి, ఇంగ్లీషులో క్వార్ట్జ్) ఈనెలు, అంటే సన్నటి పొరలు, పోతాయి, బంగారం వాటిలో ఉంటుంది. కంటికి కనబడేంత ఉండేది ఎక్కడో అరుదుగా. మిగతాదంతా రాతిలో పొడిలా కలిసిపోయి ఉంటుంది. కాబట్టి రాయిని పగలగొట్టి, పిండి చేసి, కడిగితేనే బయటికి వస్తుంది.

పాతకాలంవాళ్లు పైకి తేలిన పలుగురాయి ఈనె పట్టుకుని, అది ఎటు పోతే అటు తవ్వుకుంటూ పోయారు. అందుకే ఆ తవ్వకాలు గుండ్రటి బావిలా ఉండవు, సన్నగా పొడుగ్గా చీలికలా ఉంటాయి. మీ తుమ్మచెట్ల పల్లం బహుశా అదే. లోపల గట్టిరాయి తగిలితే కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్లు. రాయి బాగా కాగాక నీళ్లు చల్లితే పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలో ఉలి దింపి విరగ్గొట్టేవాళ్లు. రాయచూరు జిల్లా హట్టిలో ఇలాంటి పాత తవ్వకాలు 600 అడుగులకు పైగా లోతుకు దిగాయి. అందులో దొరికిన పాత కర్రను పరీక్షిస్తే దాదాపు 2000 ఏళ్ల నాటిదని తేలింది. పంపు లేదు, మందుగుండు లేదు, దీపమంటే నూనె దీపమే. అంత లోతున మంట పెట్టి ఆ పొగలో ఎలా బతికారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పైకి తెచ్చిన రాయిని దంచిన చోటే మీ గుంటలు అయ్యుండొచ్చు. హట్టిలోనూ, కోలారు వైపూ ఇలాంటివి దొరికాయి.

అడ్డప్రశ్న
మాస్టారూ, ప్రతి ఊళ్లోనూ బండ మీద గుంటలుంటాయి. రాగులు దంచుకున్నవి, చింతపండు దంచుకున్నవి, పిల్లలు చెక్కినవి. గుంట కనబడగానే 2000 ఏళ్లు అనేస్తే ఎట్లా?

రాతిపొర
నేను గుంటకు 2000 ఏళ్లు అనలేదు, హట్టి తవ్వకానికి అన్నాను. కానీ మీ అనుమానం న్యాయమైనదే. తేడా పట్టుకోవడానికి నేను చూసేవి కొన్ని చెప్తాను.

తిండిగింజలు దంచే గుంట ఇంటి దగ్గర ఉంటుంది, ఎవరూ మూట మోసుకుని గుట్టెక్కి దంచరు. ఇక చుట్టూ నేల చూడాలి. బంగారం కోసం దంచిన చోట పలుగురాయి నలుసులు తెల్లగా, గవ్వలు చల్లినట్టు పడి ఉంటాయి. అన్నీ దాదాపు ఒకే సైజు, కందిగింజ నుంచి శనగగింజంత. వానకు కొట్టుకొచ్చిన రాళ్లయితే చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. తర్వాత గుంట లోపల వేలు పెట్టి రాయాలి. పలుగురాయి చాలా గట్టిది, దానితో అరిగిన గుంట అడుగు గాజులా నున్నగా ఉంటుంది. దగ్గర్లో రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువైన గుండ్రాయి ఏదైనా పడి ఉందా అన్నది కూడా చూడాలి.

పలుగురాయి గారూ (పేరు బాగా పెట్టుకున్నారు), ఈసారి ఊరికి పోయినప్పుడు ఇవన్నీ చూసి రాస్తారా?

పలుగురాయి
తప్పకుండా సార్. దసరాకు పోతాను.

మూడో_షిఫ్టు
వారెన్ సంగతి నేను చెప్తాను. మాది కోలారు గనుల దగ్గర. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్లో కన్నడం. మా వైపు సగం ఇళ్లు ఇంతే.

1799లో టిప్పు పడిపోయాక మైసూరు రాజ్యానికి సరిహద్దు గీసే సర్వే పని మొదలైంది. జాన్ వారెన్ అనే లెఫ్టినెంటు ఆ పని మీద తూర్పు వైపు వచ్చాడు. ఇక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందని జనం చెప్పుకునే మాట ఆయన చెవిన పడింది. బంగారం చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానని చాటించాడు. పల్లెలవాళ్లు ఎద్దుల బండ్లకు మట్టి ఎత్తుకుని వచ్చి ఆయన ముందే కడిగి చూపించారు. అడుగున పసుపు నలుసులు మిగిలాయి. ఆయన లెక్కలో 56 కిలోల మన్నుకు ఒక గ్రెయిన్ బంగారం. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు. మారికుప్పంలో భూమి లోపలికి దిగి రాయి తవ్వుతున్నవాళ్లను కూడా చూశానని రాశాడు. తట్టలు చేతి నుంచి చేతికి అందించుకుంటూ పైకి తెస్తున్నారట.

ఇప్పుడు చెప్పండి. బండి కట్టి మట్టి తెచ్చి, కడిగి, ఇదిగో బంగారం అని చేతిలో పెట్టింది ఊరివాళ్లు. "కనుక్కున్నది" మాత్రం వారెన్. మా బళ్లో ఈ పాఠం చదివినప్పుడు పక్క బెంచీవాడు "ఆయన కనుక్కోలేదురా, అడిగి తెలుసుకున్నాడు" అన్నాడు. వాడికి ఆ ఏడు సోషల్‌లో 37 మార్కులు. నాకు మాత్రం ఆ మాట గుర్తుండిపోయింది.

కుంపటి
మాది కంసాలి ఇల్లు. కడగడం అనే మాట వచ్చింది కాబట్టి ఆ పని ఎట్లా ఉంటుందో చెప్తాను. తేలిక అనుకుంటారు, కాదు.

మా తాత అంగడి ముందు మట్టిని కూడా అమ్మేవాడు. నవ్వకండి, నిజమే. ఆకురాయితో రాసినప్పుడు ఎగిరే పొడి, కుంపటి బూడిద, చాపకు అంటింది, ఇవన్నీ ఊడ్చి దాచేవాళ్లు. ఏడాదికోసారి మట్టి కడిగేవాళ్లు వచ్చి బేరమాడి కొనుక్కుపోయేవాళ్లు. వాకిట్లో కాలవ మట్టి కూడా వదిలేవాళ్లు కాదు.

వాళ్లు కడిగేది నేను దగ్గర కూర్చుని చూశాను. లోతు తక్కువ చెక్కపళ్లెం, మట్టి, నిండా నీళ్లు. ముందు చేత్తో పిసికి గడ్డలు చిదుపుతారు, బురద పోతుంది. తర్వాత పళ్లెం కొంచెం వంచి తిప్పుతారు. గట్టిగా కాదు, బిడ్డను ఊయల ఊపినంత. ఇసుక అంచు దాటి జారిపోతుంది. చివరికి నల్లటి ఇసుక గీత ఒకటి మిగులుతుంది. ఇక్కడే పనితనమంతా. ఆ నల్ల ఇసుక కూడా బరువే, తొందరపడితే దానితోపాటు బంగారమూ పోతుంది. పళ్లెంలో గుక్కెడు నీళ్లు ఉంచి అరచేత్తో అంచు మీద తట్టుతుంటే నల్లది ముందుకు జరుగుతుంది, దాని వెనకాల పసుపు తోక బయటపడుతుంది. అప్పుడు ఒక చుక్క పాదరసం వేస్తే నలుసులన్నీ దానికి అంటుకుంటాయి. గుడ్డలో పిండి, మిగిలిన ముద్ద కాలిస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం పూస మిగులుతుంది. (ఆ ఆవిరి విషం. ఆ రోజుల్లో ఎవరికీ పట్టింపు లేదు. ఎవరూ ప్రయత్నించకండి.)

నేనూ ఒకసారి పళ్లెం పట్టాను. మూడు తిప్పులకే మొత్తం నేల మీద. ఆయన ఏమీ అనలేదు. ఒలికిన మట్టి మళ్లీ ఎత్తుకుని మొదటి నుంచి మొదలుపెట్టాడు.

రాతిపొర
కుంపటి గారూ, అద్భుతంగా చెప్పారు. దీని వెనక ఉన్నది ఒక్కటే విషయం: బంగారం నీటి కంటే 19 రెట్లు బరువు, పలుగురాయి రెండున్నర రెట్లు పైచిలుకు. ఆ తేడానే చెక్కపళ్లెం వాడుకుంటుంది. మధ్యలో ఉండే నల్ల ఇసుక ఐదు రెట్లు. అందుకే అది ఆఖరిదాకా వదలదు.

శాసనాలపిచ్చి
ఇంకో వైపు నుంచి వస్తాను. 1915లో రాయచూరు వైపు బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు తిరుగుతుంటే మస్కి దగ్గర ఒక బండ మీద రాతలు కనబడ్డాయి. చదివిస్తే అశోకుడి శాసనం! అప్పటిదాకా దొరికిన శాసనాల్లో "దేవానాంపియ" అనే ఉండేది, ఆ రాజు ఎవరన్నది ఊహే. మస్కిలో అశోకుడి పేరే ఉంది. ఆ తర్వాత 1929లో మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఇంకో శాసనాల గుంపు బయటపడింది. దాన్ని చూసింది కూడా భూగర్భశాస్త్రజ్ఞుడే.

బంగారం వెతికేవాళ్లకే అశోకుడు ఎందుకు దొరుకుతున్నాడు? ఊరికే కాదు. బ్రహ్మగిరి శాసనం సువర్ణగిరి నుంచి పంపిన ఆజ్ఞ. అంటే దక్షిణాన మౌర్యుల అధికారి ఉన్న ఊరి పేరే సువర్ణగిరి. అది ఎర్రగుడి పక్క జొన్నగిరే అని కొందరు, మస్కి వైపు కనకగిరి అని కొందరు వాదిస్తారు. ఏదైనా బంగారం పట్టీలోనే. పైగా జొన్నగిరి దగ్గర పాత తవ్వకాల గుర్తులున్నాయి. ఇప్పుడు ప్రైవేటు కంపెనీ బంగారు గని పెట్టింది కూడా అక్కడే. వానాకాలం వస్తే ఆ చుట్టుపక్కల పొలాల్లో జనం వజ్రాల కోసం వంగి వెతుకుతుంటారు, ఆ ఫొటోలు ఏటా పేపర్లో వస్తూనే ఉంటాయి.

అడ్డప్రశ్న
పేరులో సువర్ణం ఉంటే గని ఉన్నట్టా? అట్లయితే మా ఊళ్లో బంగారమ్మ గుడి ఉంది, తవ్వించండి.

శాసనాలపిచ్చి
పేరొక్కటే అయితే మీతో ఒప్పుకుంటాను. బంగారుపాళెం, పొన్నూరు, కనకాపురం అంటూ పేర్లు పట్టుకుని పోతే దేశమంతా గనులే. నేనంటున్నది పేరు, పాత గుంతలు, శాసనం మూడూ ఒకే చోట కలవడం గురించి.

అడ్డప్రశ్న
ఆ మూడు కలిస్తే సరే. గుడి తవ్వకం రద్దు.

మూడో_షిఫ్టు
వారెన్ తర్వాత ఏమైందో చెప్తాను, ఎందుకంటే అసలు విషయం ఇక్కడుంది. డెబ్బై ఏళ్లపాటు పెద్దగా ఏమీ కాలేదు. ఒకరిద్దరు ప్రయత్నించి వదిలేశారు. 1871లో లావెల్ అనే పాత సైనికుడు, న్యూజిలాండ్ యుద్ధాల్లో పనిచేసి బెంగుళూరులో స్థిరపడినవాడు, వారెన్ రాసింది చదివి ఎద్దుల బండి కట్టుకుని కోలారు వచ్చాడు. మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వే హక్కు తీసుకున్నాడు. డబ్బు చాలక ఆ హక్కు చేతులు మారింది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ దిగింది.

వాళ్లకీ మొదట్లో ఏమీ దొరకలేదు. ఖజానా అడుగంటింది, మూసేద్దాం అనుకునే దశ. అప్పుడు ప్లమ్మర్ అనే గని కెప్టెన్‌ను పంపారు. ఆయన ఏం చేశాడో తెలుసా? కొత్త చోటు వెతకలేదు. పాతవాళ్లు తవ్వి వదిలేసిన గుంతల కిందికి దిగాడు. అక్కడ తగిలింది ఛాంపియన్ రీఫ్. ఆ తర్వాత నూరేళ్లకు పైగా కోలారు బతికింది ఆ ఈనె మీదే.

అంటే ఎక్కడ తవ్వాలో పేరూ ఊరూ తెలియని మా పల్లెలవాళ్లు ముందే గీత గీసి పెట్టారు. కంపెనీ దగ్గర ఉన్నదల్లా నీళ్లు తోడే యంత్రం, మందుగుండు, తర్వాత బంగారాన్ని కరిగించే సైనైడు. పాతవాళ్లు ఆగిపోయింది బంగారం అయిపోయి కాదు, నీళ్లు ఊరి.

రాతిపొర
చివరి మాట చాలా ముఖ్యం. పాత తవ్వకాలు చాలాచోట్ల నీటి మట్టం దగ్గర ఆగిపోతాయి. హట్టి లాంటివి తక్కువ.

చింతచెట్టు
నాకు 68 ఏళ్లు. మనవరాలు టైపు చేస్తోంది, తప్పులుంటే దాన్ని తిట్టండి.

పలుగురాయీ, నీ ఊరు ఏదో నాకు అర్థమైందిలే, నేనూ ఆ పక్కదాన్నే. మీ అవ్వ చెప్పింది నిజమే. ఇంగ్లీషు కంపెనీలు 1900 దాటాక రామగిరిలో గనులు తెరిచి 1927 నాటికి మూసుకుని పోయాయి. ఆ గోతుల్ని మా పెద్దవాళ్లు దొరల గోతులు అనేవాళ్లు. కానీ దొరలు తవ్వింది కూడా పాత గోతి మీదే అని మా నాయన చెప్పేవాడు. ఆయనకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. అప్పుడు అడగాలని తోచలేదు.

మళ్లీ 1980ల్లో భారత్ గోల్డ్ మైన్స్ వాళ్లు యెప్పమాన దగ్గర గని తెరిచారు. మా ఊరికి అది పెద్ద సంగతి. సైరన్ మోగితే మేం బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేవాళ్లం, గడియారం చూసే పని లేదు. కరువు పల్లె మాది, వాన మీద వేరుశనగ వేసుకునే బతుకులు. నెలనెలా జీతం వచ్చే ఇల్లంటే సంబంధాలకు క్యూ కట్టేవాళ్లు. 2001లో కోలారుతోపాటు ఇదీ మూతపడింది. సైరన్ ఆగిపోయాక చాలా రోజులు మధ్యాహ్నం వంట ఆలస్యమయ్యేది, నవ్వుకునేవాళ్లం.

ఇప్పుడు ఆ గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. అవి 1990ల్లోనే వచ్చాయి. కింద చీకటి గొయ్యి, పైన తెల్ల రెక్కలు. రెండూ కరెంటు, బంగారం అంటూ మా గుట్ట నుంచి తీసుకుపోయేవే. మాకు మాత్రం రాత్రిపూట ఆ రెక్కల చప్పుడు.

పలుగురాయి
అమ్మా, మీరెవరో నాకూ అర్థమైంది! రేగుచెట్టు దగ్గరి ఇల్లు కదా? చిన్నప్పుడు మీ చెట్టు కాయలు దొంగతనం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

చింతచెట్టు
తెలుసు.

నిర్వాహకుడు
ఊర్ల పేర్లు, ఇళ్ల గుర్తులు ఇంకా వివరంగా రాయకండి. సంభాషణ బాగుంది, కొనసాగించండి.

బంగారుబాబు
కొత్తగా చేరాను. కోలారులో ఇంకా టన్నుల కొద్దీ బంగారం ఉందట, కావాలనే మూసేశారట. వీడియో చూశాను. ఆ సైనైడు దిబ్బల మట్టి ఒక లారీ తెచ్చుకుని కడిగితే ఎంత వస్తుంది? ఎవరైనా పార్ట్‌నర్‌గా వస్తారా?

మూడో_షిఫ్టు
తమ్ముడూ, లెక్క చెప్తాను కూర్చో.

కోలారులో 120 ఏళ్లలో తీసిన బంగారం 800 టన్నుల పైన. వినడానికి కొండంత. కానీ బంగారం బరువైనది కాబట్టి ఆ 800 టన్నుల్నీ ఒకచోట పోస్తే పొడవు, వెడల్పు, ఎత్తు మూడున్నర మీటర్లున్న ఒక్క గదిలో పట్టేస్తుంది. మా లైను ఇంట్లో (గని పనివాళ్లకు వరుసగా కట్టిన ఇళ్లు) రెండు గదులు కలిపితే అంత. ఆ ఒక్క గది బంగారం కోసం పిండి చేసిన రాయి బయట మూడు కోట్ల టన్నులకు పైగా దిబ్బలై పడి ఉంది. రైలు దిగగానే కనబడేవి అవే.

మొదట్లో టన్ను రాయికి 45 గ్రాముల దాకా వచ్చేది. చివరికి 3 గ్రాముల దగ్గరికి పడింది. అంటే ఒక చిన్న ఉంగరానికి టన్ను రాయి, అదీ మూడు కిలోమీటర్ల లోతు నుంచి. అక్కడ రాయి వేడి 65 డిగ్రీలు దాటుతుంది, చల్లగాలి పంపకపోతే మనిషి నిలబడలేడు. మూసేయడానికి కుట్ర అక్కర్లేదు, ఖర్చు చాలు. దిబ్బల్లో మిగిలింది టన్నుకు గ్రాము లోపే. అది పళ్లెంలో కడిగితే వచ్చేది కాదు, వచ్చేదైతే మా ఊళ్లో ఒక్కడూ తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కడు.

కుంపటి
పైగా ఆ మట్టి విషం. సైనైడుతో బంగారాన్ని కరిగించే పద్ధతి 1887లో స్కాట్లండ్‌లో కనిపెట్టారు, తర్వాత కొన్నేళ్లకే కోలారుకు వచ్చింది. పాదరసం వదిలేసిన సన్న బంగారాన్ని కూడా అది లాగేస్తుంది. అంటే దిబ్బలో ఉన్నది రెండుసార్లు పిండేసిన చెరుకు పిప్పి. అందులో నీ పళ్లెం ఏం తీస్తుంది?

నిర్వాహకుడు
దిబ్బల నుంచి మట్టి ఎత్తడం నేరం, ఆరోగ్యానికీ ముప్పు. భాగస్వామ్య ప్రకటనలు ఇక్కడ వద్దు.

బంగారుబాబు
సరే సార్. ఊరికే అడిగాను.

అడ్డప్రశ్న
మూడో షిఫ్టు గారూ, మీ పేరు వెనక కథ ఏమిటి? మీరు గనిలో పనిచేశారా?

మూడో_షిఫ్టు
నేను కాదు, మా తాత. ఏ గని అన్నది వదిలేయండి. చిత్తూరు వైపు పల్లె నుంచి కరువు ఏడాదిలో వచ్చాడు. ఆ రోజుల్లో కింద పనిచేసినవాళ్లలో ఎక్కువమంది అట్లా చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వచ్చిన దళితులే. పైన ఇంగ్లండు కార్న్‌వాల్ నుంచి వచ్చిన మేస్త్రీలు, కొందరు ఇటలీవాళ్లు.

మా తాత ఎప్పుడూ రాత్రి షిఫ్టే అడిగేవాడట. పగలు కిందికి దిగితే ఎండ పోయిందని బాధ, రాత్రి దిగితే పోయేదేమీ లేదుగా అనేవాడు. గనిలోకి దించే లిఫ్టులో (కేజ్ అనేవాళ్లు) దిగేటప్పుడు చెవులు గుయ్యిమంటాయి, అందుకని నోట్లో తమలపాకు పెట్టుకుని నములుతూ దిగేవాడు. ఆయనకు ఒక్క సంగతి అంటేనే భయం: ఎయిర్ బ్లాస్టు. లోతుకు పోయేకొద్దీ పైనున్న బరువుకు రాయి తనంతట తానే పేలుతుంది. పేలితే పైన ఇళ్లలో గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడు వినగానే ఆడవాళ్లు అందరూ షాఫ్టు (గనిలోకి దిగే బావి) దగ్గరికి పరిగెత్తేవాళ్లు. మా నాయనమ్మ గిన్నెల్ని చెక్కబీరువాలో కాకుండా నేల మీదే బోర్లించేది. చచ్చేదాకా అట్లాగే చేసింది, గని మూసేసిన తర్వాత కూడా.

1902లో శివసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగ లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. బెంగుళూరు వీధి దీపాలకంటే మూడేళ్లు ముందు. అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నేనూ చెప్పుకుంటాను. లైను ఇళ్లలో తాత చదువుకున్నది మాత్రం కిరసనాయిలు బుడ్డి కింద.

తాత ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ముతో పోయాడు. ఆయన చేతిలో ఎన్నడూ బంగారం చూడలేదు మేము. నాయనమ్మ పుస్తె ఒక్కటే, అది కూడా ఊర్లో కంసాలి దగ్గర కొన్నది.

శాసనాలపిచ్చి
ఇంకో సంగతి కలుపుతాను. అదే లోతును భౌతికశాస్త్రజ్ఞులు కూడా వాడుకున్నారు. 1965లో కోలారు గని అడుగున, రెండు కిలోమీటర్లకు పైగా రాతి కింద, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే అతిచిన్న కణాలను పట్టుకున్నారు. ప్రపంచంలో మొదటిసారి పట్టుకున్న చోట్లలో అదొకటి. పైనున్న రాయి మిగతా కిరణాల్ని దాదాపు అన్నిటినీ ఆపేస్తుంది, న్యూట్రినోను ఆపలేదు.

మూడో_షిఫ్టు
అవును. తాతకు వాళ్లు తెలుసు. "మనం రాయి కోసం దిగుతాం, వాళ్లు ఏమీ లేనిదాని కోసం దిగుతారు" అనేవాడు.

పలుగురాయి
దసరాకు ఊరికి పోయి వచ్చాను. టేపు, స్కేలు, చీపురు కట్ట తీసుకుపోయాను. చీపురు ఐడియా మా అమ్మది.

బండ మీద గుంటలు ఐదారు అన్నాను కదా, ఊడిస్తే తొమ్మిది. మట్టి కింద మూడు దాక్కుని ఉన్నాయి. పెద్దది 17 సెంటీమీటర్ల వెడల్పు, 9 లోతు. చిన్నది 11 వెడల్పు, 4 లోతు. అడుగున వేలితో రాశాను. రాతిపొర సార్ చెప్పినట్టే, పక్కన బండ గరుగ్గా ఉంది, గుంటలో మాత్రం పింగాణీ గిన్నె లోపలలా జారిపోతోంది. ఊరు అక్కడికి కిలోమీటరున్నర కింద. నీళ్లు లేవు, ఇళ్ల పునాదుల్లాంటివీ కనబడలేదు.

బండకు తూర్పున పదడుగుల దూరంలో నేల తెల్లగా ఉంది. చిన్నప్పుడు సుద్ద అనుకునేవాళ్లం. పలుగురాయి నలుసులు. చీపురుతో పక్కకు తోస్తే ఇంకా కింద కూడా అవే, నా జానెడు లోతు దాకా చూసి ఆపేశాను. ఏమీ తీసుకురాలేదు, ఫొటోలు మాత్రమే.

రాతిపొర
ఇక నాకు పెద్ద అనుమానం లేదు. కాలం చెప్పలేం, కానీ అది రాయి దంచిన బండే. జిల్లా పురావస్తు కార్యాలయానికి కొలతలతో ఒక ఉత్తరం రాయండి. ఎక్కడ ఉందో అందరికీ కనబడేలా ఇక్కడ పెట్టకండి, రేపే ఎవడో గునపం పట్టుకుని వస్తాడు.

అడ్డప్రశ్న
ఒప్పుకున్నాను. రాగులు కాదు. గుండ్రాయి దొరికిందా?

పలుగురాయి
గుట్ట మీద దొరకలేదు. దిగి వచ్చాక చింతచెట్టు అవ్వ వాళ్ల ఇంటికి పోయాను, కాయల బాకీ తీర్చుకుందామని. వాకిట్లో గేదెను కట్టేసే గుంజకు ఆనించి గుమ్మడికాయంత నల్లరాయి ఒకటి ఉంది. ఒక పక్క మాత్రమే నున్నగా అరిగి ఉంది. ఎక్కడిదమ్మా అంటే, వాళ్ల మామ గుట్ట మీంచి దొర్లించుకుని తెచ్చాడట, గుంజ కదలకుండా.

చింతచెట్టు
కావాలంటే తీసుకుపో. బదులుగా ఇంకో రాయి తెచ్చి పెట్టు, గేదె తెంపుకుని పోతుంది.